ముసుగు ముందా, జడ ముందా

నంద్యాల వదిన: పెళ్ళికూతురు చర్చి గుమ్మంలో అడుగు పెట్టగానే గుడి నిండా జనం లేచి నిలబడతారు. అప్పుడు వాళ్ళ కంటికి ముందు ఆనేది చీరా కాదు, జడా కాదు, ముసుగు. అందుకే వదినా, ముందు ముసుగు సంగతి తేల్చుకుందాం. ఎంత పొడుగు, ఎట్లాంటి నెట్టు, తలలో ఎక్కడ గుచ్చాలి అనేది తేలితే చీర దానికి తగ్గట్టు తీసుకోవచ్చు, జుట్టు దానికి తగ్గట్టు వేయొచ్చు.

ఆళ్ళగడ్డ వదిన: ముందు ఆనేది అదే కావడమే నాకు నచ్చనిది. మన పిల్లకు నడుము దాటిన జడ. చిన్నప్పటి నుంచి మీ అక్క నూనె పెట్టి, చిక్కులు తీసి పెంచిన జుట్టు. దాన్ని చుట్ట చుట్టి, గుప్పెడు పిన్నులు గుచ్చి, పైన నెట్టు కప్పి దాచేద్దామా? పార్లర్లో రోజు అద్దెకు దొరికే గుడ్డకు సొంత జుట్టు లొంగాలా?

నంద్యాల వదిన: అద్దెదే వేయమని నేనన్నానా? పని సంగతి ఒకటి విను. ఇన్నేళ్ళుగా పెళ్ళి జాకెట్లు కుడుతూ చూసిందే చెప్తున్నా. నెట్టు నిలవాలంటే కింద ఆధారం కావాలి. ముడి ఉంటే దువ్వెన గట్టిగా కూర్చుంటుంది. ముడికి పైన గుచ్చితే ముసుగు ఎత్తుగా లేచి పడుతుంది, చిన్నమొహం పిల్లకు బాగుంటుంది. ముడికి కింద గుచ్చితే వెనక్కి ఒదుగుతుంది, తలలో పూలు కనిపిస్తాయి, మొహం చుట్టూ ఏ అడ్డూ ఉండదు. జడ వేస్తే నడినెత్తిన జుట్టు చదునుగా, నున్నగా ఉంటుంది. దువ్వెన జారుతుంది. ప్రమాణాలు చెప్పే వేళకు నెట్టు చెవుల మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఆళ్ళగడ్డ వదిన: అది ముసుగు లోపం, జడ లోపం కాదు. నడినెత్తిన సన్నటి పాయ తీసి, లోపలే చిన్న అల్లిక అల్లి, దాంట్లో దువ్వెన గుచ్చితే యాడికి జారుతుంది? మీ నంద్యాలలోనే ముస్లిం పెళ్ళికూతుళ్ళను తయారుచేసేవాళ్ళను అడుగు. జరీ కుట్టి, రాళ్ళు అద్దిన దుపట్టా ఎంత బరువుంటుంది! దాన్ని జడ మీదే రాత్రి దాకా నిలబెడతారు. మన నెట్టు దాంట్లో పదో వంతు బరువు కూడా ఉండదు.

నంద్యాల వదిన: ఒప్పుకున్నా, నిలబెట్టొచ్చు. అయితే నువ్వు అడిగేది ఉత్త జడ కాదు, పూలజడ. అది వీపు మీద ఉబ్బుగా నిలుస్తుంది. దాని మీద నెట్టు పడిందంటే వెనక ఏదో మోస్తున్నట్టుంటుంది. గుడిలో జనం ఎక్కువ సేపు చూసేది పెళ్ళికూతురి వీపునే, అది మర్చిపోవద్దు. ప్రసంగం, ప్రార్థన, ప్రమాణాలు, అన్నింటికీ ఆమె అయ్యగారి వైపే తిరిగి ఉంటుంది.

ఆళ్ళగడ్డ వదిన: వీపును చూస్తారు కాబట్టే అడుగుతున్నా. అంతసేపు చూసేవాళ్ళకు చూడటానికేముంది, తెల్లటి నెట్టు తప్ప? మోచేతి దాకా వచ్చే ముసుగైతే కింద సగం జడైనా కనిపిస్తుంది. నెట్టు కింద మల్లెలు పెడితే తెలుపులో తెలుపు కలిసిపోతుంది, కనకాంబరాలు పెట్టి చూడు. పలచటి నెట్టు లోంచి ఆ నారింజ రంగు ఎంత ముద్దుగా ఉంటుందో.

నంద్యాల వదిన: కనకాంబరాల మాట నాకూ నచ్చింది. మోచేతి దాకా అన్నావే, అది మాత్రం చీర కట్టిన పిల్లకు కుదరదు. దొరల గౌనుకు వెనక ఏమీ ఉండదు, వీపు ఖాళీ. అందుకే ముసుగు మోచేతి దాకా ఉన్నా, వేళ్ళ దాకా ఉన్నా, నేల మీద ఈడ్చినా గౌనుకు చెల్లుతుంది. మన చీరకు వెనక పైట ఉంది. ఎడమ భుజం మీదుగా దిగి మోకాలి వెనక దాకా వస్తుంది. ముసుగు అంచు పైటకు అడ్డంగా నడిమధ్యలో తెగితే వీపు మీద మూడు గీతలు పడతాయి, జాకెట్టు గీత, ముసుగు గీత, చెంగు గీత. ఫోటోలో పిల్ల పొట్టిగా కనిపిస్తుంది. ముసుగు చెంగు దగ్గరికొచ్చి ఆగితే ఇంకా అన్యాయం, ఏది చెంగో ఏది ముసుగో తెలీదు. అయితే భుజాల దగ్గరే ఆగాలి, లేదంటే చెంగును దాటి జానెడన్నా కిందికి పోవాలి. నడిమధ్య బేరం లేదు.

ఆళ్ళగడ్డ వదిన: అంటే పైట ఎంత పొడుగు పెట్టాలో చీర కట్టేటప్పుడు తేల్చుకున్నాకే ముసుగు కొలత వస్తుంది. నీ నోటితోనే చీర ముందు అంటున్నావు.

నంద్యాల వదిన: పైట పొడుగు మనం ఎట్లా పెడితే అట్లా వస్తుంది, పిన్ను తీసి సర్దితే సరి. ముసుగును కత్తిరిస్తే మళ్ళీ పెరగదు.

ఆళ్ళగడ్డ వదిన: మా ఆళ్ళగడ్డ శిల్పుల పని చూశావు గదా. అహోబిలం పోయే దారిలో ఉలి చప్పుళ్ళు వినిపిస్తుంటాయి. అమ్మవారి విగ్రహానికి వాళ్ళు అంగుళాల టేపు పట్టుకుని మొదలుపెట్టరు. మొహం పొడుగు ఒక కొలత. దాన్నే తాళం అంటారు. అట్లాంటివి తొమ్మిది కలిపితే నిండు విగ్రహం, నవతాళం. కిరీటం ఎంత ఎత్తు, జడ ఎక్కడ ఆగాలి, కుచ్చెళ్ళు ఎక్కడ విరగాలి, అన్నీ ఆ మొహంలోంచే పుట్టుకొస్తాయి. ముసుగుకు కూడా లెక్క అట్లే ఉండాలి. కొట్లో మూడు సైజులుంటాయి, అందులో ఒకటి తీసుకోమంటారు. మన పిల్ల ఐదడుగులు. ఆరడుగుల పిల్లకు కుట్టిన ముసుగు ఆమెకు వేస్తే మనిషి యాడుందో వెతుక్కోవాలి.

నంద్యాల వదిన: మొహం కొలతతో ముసుగు కత్తిరించడం నేనెప్పుడూ చేయలేదు. చేసి చూడాల్సిందే. అయితే పొట్టి పిల్లకు పొట్టి ముసుగే అనుకునేరు, అది నిజం కాదు. నిలువుగా జారే మెత్తటి నెట్టు పొడుగ్గా వేస్తే పొట్టి పిల్ల పొడుగ్గా కనిపిస్తుంది. గంజి పెట్టినట్టు బిర్రుగా ఉండే నైలాన్ నెట్టు పక్కలకు లేస్తుంది. లావు చేసేది అది, పొడుగు కాదు.

ఆళ్ళగడ్డ వదిన: ప్రియాంక చోప్రా పెళ్ళి ముసుగు 75 అడుగులంట, 2018లో, జోధ్‌పూర్ కోటలాంటి హోటల్లో. అప్పటి నుంచి మన పిల్లలకు కూడా ఈడ్చే ముసుగులే కావాలి. మన ఊరి గుడుల్లో గుమ్మం నుంచి బలిపీఠం దాకా కొలిచినా అంతుంటుందా? ముసుగు ఒక చివర లోపల ప్రమాణం చేస్తుంటే ఇంకో చివర బయట చెప్పుల దగ్గరుంటుంది.

నంద్యాల వదిన: (నవ్వు) వెనక ఇద్దరు చిన్నపిల్లలు పట్టుకుని రావాలి, వాళ్ళలో ఒకడు తొక్కాలి. చూశాను, చాలా చూశాను. చాపెల్ పొడుగు, కెథడ్రల్ పొడుగు అని కొట్లల్లో అంటారే, ఆ కొలతలు మనకొద్దు. మన నంద్యాల హోలీ క్రాస్ కెథడ్రల్లో పెళ్ళైనంత మాత్రాన కెథడ్రల్ ముసుగు వేయాలని లేదు. ఎండాకాలం పెళ్ళిళ్ళు మనవి. పైన ఫ్యాన్లు తిరుగుతాయి, నెట్టు లేచి పెళ్ళికొడుకు మొహం మీద పడుతుంది. కొవ్వొత్తులు వెలిగించే చోట నైలాన్ నెట్టును దగ్గరికి రానివ్వకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ముసుగే ముందంటాను.

ఆళ్ళగడ్డ వదిన: ఇవన్నీ తెలిసీ ఎందుకంటావో అదే నాకర్థం కాదు. రంగు సంగతి చూడు. నెట్టు వచ్చేది రెండు మూడు తెలుపుల్లోనే. చీర తెలుపులు ఎన్నో. వెంకటగిరి తెలుపు వేరు, ఉప్పాడ తెలుపు వేరు, ధర్మవరం పట్టులో మీగడ రంగు వేరు. బంగారు జరీ చీర మీద నీలం నీడ కొట్టే తెల్లటి నెట్టు వేస్తే చీర పాతబడినట్టు కనిపిస్తుంది. వెండి జరీ మీద మీగడ రంగు నెట్టు వేస్తే నెట్టే మాసినట్టుంటుంది. ముందు చీర కొని, చీరను పగటి వెలుగులో పరిచి, దాని మీద నెట్టు ముక్క వేసి చూసి కొనడం గదా పద్ధతి?

నంద్యాల వదిన: రంగుకైతే చీరే ముందు. దాంట్లో నేను వాదించను. ట్యూబ్ లైటు కింద చూసి కొన్న నెట్టు ఎన్నిసార్లు వెనక్కి పంపానో. జాకెట్టు సంగతి నువ్వు మర్చిపోయావు, అది కూడా నీ వైపే మాట్లాడుతుంది, నేనే చెప్తా. వీపంతా మగ్గం వర్క్ చేయించి, పూసలు, రాళ్ళు కుట్టించి, దాని మీద నెట్టు వేస్తారు. ఒకటి, ఇచ్చిన డబ్బంతా నెట్టు కింద పోతుంది. రెండు, పిల్ల మెడ తిప్పినప్పుడల్లా నెట్టు పూసలకు పట్టుకుంటుంది. ఫర్రుమని చినుగుతుంది. ముసుగు వేసేదుంటే వీపు సాదాగా ఉంచి, పనంతా చేతుల మీద చేయించుకోవాలి.

ఆళ్ళగడ్డ వదిన: మరి ఇంకేం మిగిలింది నీ దగ్గర? రంగుకు చీర, పొడుగుకు పైట, కొలతకు మొహం. ముసుగు అన్నింటికీ చివరే వస్తుంది.

నంద్యాల వదిన: సరే, కొలతలు పక్కన పెడదాం. మన అవ్వల అవ్వలకు పట్టుచీర కట్టుకునే దారి ఉండిందా? పెద్దల వీధిలో మన పెళ్ళి ఊరేగింపు పోనిచ్చేవాళ్ళా? మంచి గుడ్డ కట్టినా, తలనిండా పూలు పెట్టినా ఊళ్ళో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఎస్.పి.జి. అనే ఇంగ్లాండు క్రైస్తవ మిషన్ వాళ్ళు వచ్చి, ముత్యాలపాడులో, నంద్యాలలో గుడులు, బడులు లేచాక, మన ఇంటి ఆడపిల్ల ఎవరినీ అడగకుండా ఒక వేషంలో నడిచింది. అది ఊళ్ళో ఇంకెవరిదీ కాదు. పెద్దల వీధి వాళ్ళను చూసి కట్టుకుంది అనడానికి లేదు, వాళ్ళ దాంట్లో కాస్త తక్కువరకం అనడానికీ లేదు. పోల్చడానికే ఏమీ లేని వేషం. ఒక్క పూటే కావొచ్చు, ఆ పూట ఆమె ఎవరి కిందా లేదు. ముసుగు నాకు అది, వదినా. నెట్టు ముక్క కాదు.

ఆళ్ళగడ్డ వదిన: ...ఈ మాటకు నేను వెంటనే జవాబు చెప్పను. నిజం కాబట్టి. మా నాయనమ్మ కూడా తన పెళ్ళి గురించి చెప్పేటప్పుడు కూడు గురించి చెప్పేది కాదు, నగల గురించి చెప్పేది కాదు. అందరూ లేచి నిలబడ్డారంట, అదే చెప్పేది. కానీ అదే మాటను నేను ఇంకోవైపు నుంచి పట్టుకుంటా. మనకు లేకుండా చేసినవి ఏవి? పట్టుచీర, పూలజడ, జడగంటలు, పాపిటబిళ్ళ. మనకొద్దు అని మనం వదులుకున్నవి కావు, మన చేతికి రానివ్వనివి. ఇప్పుడు అడ్డేవారు లేరు. ఇప్పుడు కూడా పెళ్ళిరోజు వాటిని పక్కన పెట్టి, అవి వాళ్ళవి, ముసుగు మాది అంటే ఆ పాత గీతను మనమే మళ్ళీ గీస్తున్నట్టు కాదా? పూలు ఎవరి సొత్తు? జడ ఎవరి సొత్తు?

నంద్యాల వదిన: సాయంత్రం రిసెప్షన్‌కు పట్టుచీర కట్టుకుని పూలజడ వేసుకుంటుంది గదా. ఎవరు కాదన్నారు?

ఆళ్ళగడ్డ వదిన: అదే నేనడిగేది. దేవుని ముందు వేరొకరి వేషం, భోజనాల దగ్గర మన వేషం. ఏది ఎక్కడుండాలో మనమే తేల్చేసుకున్నాం. అసలు ఆ తెలుపైనా ఎంత పాతదని? ఇంగ్లాండు రాణి విక్టోరియా 1840 ఫిబ్రవరి 10న తెల్ల శాటిన్ గౌను, హోనిటన్ లేసు ముసుగు వేసుకుని పెళ్ళి చేసుకుంది. అంతకుముందు అక్కడ ఆడపిల్లలు ఎక్కువమంది ఎర్రవి, నీలివి, ఉన్నవాటిలో మంచివి కట్టుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళే. రాణి బొమ్మలు పత్రికల్లో వచ్చాక తెలుపు ఆనవాయితీ అయింది. అది మనదాకా వచ్చేసరికి బైబిల్లో రాసినట్టు తయారైంది.

నంద్యాల వదిన: ఆదికాండంలో రిబ్కా ఇస్సాకును చూడగానే ఒంటె దిగి ముసుగు వేసుకుంది. అది రాణి కంటే పాతది.

ఆళ్ళగడ్డ వదిన: రిబ్కా పొలంలో వేసుకుంది, గుడిలో కాదు. దుమ్ము పట్టిన ప్రయాణం చేసి దిగిన పిల్ల పైన గుడ్డ కప్పుకుంది. తెల్లటిదని ఎవరూ రాయలేదు. మరి పౌలు మాట తీసుకుంటావా? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలో ఆడవాళ్ళు తల కప్పుకోమంటాడు, అదే చోట పొడుగు జుట్టు కప్పుకోవడానికే ఇచ్చింది అని కూడా అంటాడు. ఆ లెక్కన మన పిల్ల జడే ఆమె ముసుగు. పోనీ గుడ్డే కావాలంటే ప్రతి ఆదివారం మనం ఏం చేస్తున్నాం? చీర చెంగు తల మీద వేసుకుంటున్నాం. ఆ చెంగే పెళ్ళిరోజు కూడా వేసుకుంటే ఏం పోయింది? చీరకు తగ్గ ముసుగు కావాలని ఇంత వెతుకుతున్నామే, చీరలోనే ఉంది.

నంద్యాల వదిన: అదే చెంగు వేస్తే నీ పూలజడ పూర్తిగా పోతుంది. పట్టుచెంగు లోంచి ఏమీ కనపడదు. నెట్టు కాబట్టే నీ కనకాంబరాలు కనిపిస్తాయని ఇందాక నువ్వే మురిశావు.

ఆళ్ళగడ్డ వదిన: అది నిజమే. అక్కడ నా మాట నాకే అడ్డం తిరిగింది.

నంద్యాల వదిన: ఇంకొకటి విను. తెలుపంటే మన చుట్టూ ఉన్నవాళ్ళకు విధవరాలి రంగు. పెళ్ళికి తెల్లచీరేంది అని మా అమ్మను ఇరుగుపొరుగు అడిగారంట. ఆమె కట్టుకుంది. విధవరాలైన మా పెద్దవ్వ ముందు వరసలో కూర్చుంది, పిల్ల తల మీద ముసుగు సర్దింది. వేరే ఇళ్ళల్లో ఆమెను పందిట్లోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. తెలుపు అశుభం అనే మాట ఆ గుడిలో ఆ రోజు చచ్చిపోయింది. నువ్వు రాణి అంటావు, గౌను అంటావు. మాకు మాత్రం అది పెద్దవ్వ ముందు వరసలో కూర్చోవడం.

ఆళ్ళగడ్డ వదిన: ఆ వరుస కోసం అయితే తెల్లచీరకు నేను ఒప్పుకుంటా. తెలుపును వదలమని ఇక అనను. ముసుగును మాత్రం ఇంకా అంటాను. దోర్నకల్ గుడి చూశావా? అజరయ్య బిషప్పు కట్టించింది, 1939లో ప్రతిష్ఠ అయింది. రాతి స్తంభాలు మన దేవళాల పద్ధతిలో, గుమ్మటాలు మసీదు పద్ధతిలో. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయన. మన నంద్యాల ప్రాంతమూ అప్పట్లో దోర్నకల్ అధ్యక్ష మండలంలోదే. గుడి గోడలు మన పద్ధతికి వచ్చాయి. పాటలు మన రాగాలకు వచ్చాయి. పెళ్ళికూతురి తల మాత్రం ఇంకా రాలేదు.

నంద్యాల వదిన: నంద్యాల వాళ్ళతోనా నువ్వీ మాట చెప్పేది? 1947లో దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు ఎన్నో సంఘాలు కలిశాయి, మన ప్రాంతం వాళ్ళు చాలామంది మాత్రం మేము పాత సంఘంలోనే ఉంటాం అన్నారు. 1975 దాకా కలవలేదు. అట్లాంటి తాతల మనవరాలికి ముసుగు తీసేయమని చెప్పాలంటే మీ ఆళ్ళగడ్డ నుంచి నలభై కిలోమీటర్లు నువ్వే రావాలి.

ఆళ్ళగడ్డ వదిన: వచ్చి చెప్తా. ఆ మొండి తాతలే తాళి మాత్రం వదల్లేదు గదా. సి.ఎస్.ఐ. పెళ్ళి క్రమంలో ఉంగరానికైనా మంగళసూత్రానికైనా చోటుంది. మన ఇళ్ళల్లో సిలువ వేసిన తాళిబొట్టే కడతారు. ఇప్పుడు నీ పొడుగు ముసుగు పెట్టి తాళి కట్టడం ఊహించుకో. పిల్లోడు వెనక్కి రావాలి. ఆడపడుచు నెట్టును ఎత్తి పట్టుకోవాలి. దాని కింద పైట, దాని కింద జడ, దాని కింద మెడ. మూడు ముళ్ళు వేయడానికి వాడు తంటాలు పడుతుంటే గుడంతా నవ్వుతుంది. అంతకుముందు పూలదండలు వేసేటప్పుడు దండ బరువుకు ముసుగు వెనక్కి లాగి, పిల్ల మెడ బిగుసుకుంటుంది.

నంద్యాల వదిన: ఇది మాత్రం నిజంగా పెద్ద చిక్కు. జడ ముందుకు వేసి తాళి కట్టించడం చేస్తారు, పూలజడైతే ముందుకు రాదు. ముడైతే మెడ ఖాళీగా ఉంటుంది, ముళ్ళు వేయడం సులువు. తాళి లెక్కలో చూస్తే ముడే గెలుస్తుంది, చూశావా.

ఆళ్ళగడ్డ వదిన: ముడి గెలిస్తే ముసుగు గెలిచినట్టు కాదు. ముసుగు లేకుండా ముడి వేసి, చుట్టూ పూలచెండు తిప్పితే చాలదా?

నంద్యాల వదిన: నీకు నెట్టు మీద కోపమా, దాని పుట్టుక మీద కోపమా? పుట్టుకే అయితే మనదే వేద్దాం. నరసాపురం లేసు ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఇంటి ఆడవాళ్ళు నేర్పారు, గోదావరి జిల్లా ఆడవాళ్ళు దాన్ని తమది చేసుకున్నారు. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నెట్టు అంచుకు ఆ లేసు కుడతా. రాణి హోనిటన్ లేసు వేసుకుంటే మన పిల్ల నరసాపురం లేసు వేసుకుంటుంది. ఏం తక్కువ?

ఆళ్ళగడ్డ వదిన: తక్కువేమీ లేదు. కానీ ఆ లేసు అల్లినవాళ్ళ గురించి మరియా మీస్ అనే జర్మన్ ఆమె 1982లో పుస్తకమే రాసింది. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్ళ పని ఎవరి లెక్కలోకీ రాలేదు, తీరిక వేళ పని అనేశారు, చాలీచాలని కూలి ఇచ్చారు. లాభం విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారులకు పోయింది. ఆ లేసు అల్లిన ఎంతమంది తమ పెళ్ళికి దాన్ని వేసుకున్నారు? మన పిల్ల తల మీద పెట్టే ముందు అల్లినామెకు నేరుగా డబ్బు చేరేటట్టు చూడు, అప్పుడు నేనూ అంచు పట్టుకుని కుట్టిస్తా.

నంద్యాల వదిన: అది చేయొచ్చు. నిండా లేసు ముసుగు మాత్రం వద్దు. నూలు దారం అల్లిక బరువు. జుట్టు లాగేస్తుంది, తలనొప్పితో పెళ్ళికూతురు మొహం చిట్లించుకుని ఫోటోల్లో పడుతుంది. వేలెడంత అంచు చాలు. జరీ అంచు పక్కన లేసు అంచు వస్తే రెండూ కొట్టుకుంటాయి కాబట్టి చీర అంచు సన్నగా ఉండాలి.

ఆళ్ళగడ్డ వదిన: అంటే మళ్ళీ ముసుగు కోసం చీర.

నంద్యాల వదిన: మళ్ళీ ముసుగు కోసం చీర.

ఆళ్ళగడ్డ వదిన: మనిద్దరం ఇంత మాట్లాడుకున్నాం గానీ, పిల్ల మొన్న నాతో ఫోన్‌లో ఏమందో తెలుసా? జడ వేసుకుంటా, ముసుగూ వేసుకుంటా అంది. లోపలికి ముసుగుతో వస్తుందంట. తాళి కట్టే ముందు ముసుగు తీయించేస్తుందంట. బయటికి జడతో నడుస్తుందంట. తాళి చిక్కు తీరిపోతుంది, నీ మాట నిలుస్తుంది, నా మాట నిలుస్తుంది అని ఆమె లెక్క.

నంద్యాల వదిన: బయటికి ముసుగు లేకుండానా? పెళ్ళైన జంట గుడి మెట్లు దిగే ఫోటో లేకుండానా? పైగా నడి ఆరాధనలో ముసుగు తీయడమంటే పిన్నులు ఒక్కొక్కటే లాగాలి. అయ్యగారు నిలబడి చూస్తుంటారు. జనం దాన్ని ఏమని అర్థం చేసుకుంటారు?

ఆళ్ళగడ్డ వదిన: నాకూ అదే గుచ్చుకుంది, వేరే విధంగా. ముసుగు లేకుండా రావడం ఒకటి, ముసుగుతో ఉండటం ఒకటి. మొగుడు తాళి కట్టే వేళకు ముసుగు తీయడం అంటే ఇప్పుడు చూడు, ఇక నీదే అన్నట్టుంది. నేను వద్దనేది నెట్టును. ఆ అర్థాన్నైతే అసలే ఒప్పుకోను. దానికంటే నీ ముసుగు పూర్తిగా ఉన్నా మేలే అనిపించింది ఒక్క నిమిషం.

నంద్యాల వదిన: ఆమె ఆ అర్థంతో అనలేదు. ముడి వేసే పిల్లోడి తంటా గురించి అంది.

ఆళ్ళగడ్డ వదిన: తెలుసు. చూసేవాళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

నంద్యాల వదిన: తాళి కట్టే ముందే కాకుండా, కూర్చుని ప్రసంగం వినేటప్పుడు మెల్లగా తీస్తే? కుర్చీలో ఉంటుంది, వెనక ఆడపడుచు ఉంటుంది, అప్పుడు ఎవరి కళ్ళూ అంతగా ఉండవు.

ఆళ్ళగడ్డ వదిన: అట్లైతే దువ్వెన వద్దు, రెండు పిన్నులతో నిలిచేది కావాలి. తేలికది, పొట్టిది.

నంద్యాల వదిన: పొట్టిది అని మళ్ళీ మొదటికొచ్చావు. మెత్తటి నెట్టైతే చెంగు దాటేదే రెండు పిన్నులతో నిలుస్తుంది.

ఆళ్ళగడ్డ వదిన: జడ మీదా?

నంద్యాల వదిన: జడ మీద నిలుస్తుందో లేదో నేనింకా చూడలేదు. చీర కొన్నాక పిల్లను రమ్మను, కట్టి, జడ వేసి, గుచ్చి చూస్తా.

ఆళ్ళగడ్డ వదిన: చీర కొన్నాకా? ముందు ముసుగన్నావే.

నంద్యాల వదిన: రంగుకు చీర ముందని ఇందాకే ఒప్పుకున్నా. నిలకడకు ముసుగే ముందు. అది నిలవకపోతే ముడి వేయాల్సిందే, అప్పుడు నువ్వు అడ్డం రావద్దు.

ఆళ్ళగడ్డ వదిన: నేను అడ్డం రాను గానీ, జుట్టు ఆమెది. ముడి వేస్తామని ఆమెకు నువ్వే చెప్పు.